లంకలో ఇల్లంటే వరదలో వాటా

2025 సెప్టెంబరు చివరి వారంలో మూసీ పొంగి మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లోకి నీళ్లు దూరినప్పుడు హైదరాబాద్ జనానికి మరిచిపోయిన సంగతి ఒకటి గుర్తుకొచ్చింది. రోజూ వేలమంది బస్సెక్కే ఆ ఇమ్లీబన్ స్టేషన్ మూసీ రెండు పాయల నడుమ ఉన్న లంక మీద కట్టినది. కాచిగూడ నుంచి అక్కడికి, ట్రాఫిక్ కరుణిస్తే, పది నిమిషాల దారి. అయినా కాచిగూడలో కాపురముండే మనిషికి మూసీ ఎప్పుడు పెరుగుతుందో, ఎంత పెరుగుతుందో లెక్క కట్టుకోవలసిన అవసరం రాలేదు. ఒడ్డునే ఉన్న మూసానగర్, కమలానగర్ బస్తీల సంగతి వేరు, వాళ్లకు ఆ లెక్క ఇప్పటికీ తప్పలేదు. మిగతా నగరానికి మాత్రం 1908 సెప్టెంబరు 28 నాటి వరద వేలమందిని మింగిన తరువాత విశ్వేశ్వరయ్యను పిలిపించారు, 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ తయారయ్యాయి, వరద అనేది సర్కారు చూసుకునే పనుల్లో ఒకటైపోయింది. 1916లో స్టేషన్ కట్టాక కాచిగూడ పెరిగిందే కొత్తగా వచ్చినవాళ్లతో. రైల్వే ఉద్యోగులు, జిల్లాల నుంచి చదువుకోను వచ్చిన పిల్లలు, చిన్నా పెద్దా వ్యాపారులు వచ్చారు. వాళ్లు తెలుసుకోవలసిందల్లా అద్దె ఎంత, నల్లా ఏ వేళకు వస్తుంది, బజారు ఎంత దూరం అన్నవే. పక్కింటివాళ్ల పేరు తెలియకుండా ఇరవై ఏళ్లు గడిపినా అక్కడ ఎవరికీ నష్టం లేదు.

ఈ అలవాటుతో పెరిగిన నగరవాసి ఇప్పుడు గోదావరి లంకల వైపు చూస్తున్నాడు. కోనసీమలో కొబ్బరితోట మధ్య చిన్న ఇల్లు, ఎదురుగా పాయ, రిటైరయ్యాక అక్కడ ప్రశాంతమైన బతుకు. లేదంటే నాలుగు గదులు వేసి హోమ్‌స్టేగా నడపడం. ఈ కోరికలో తప్పేమీ లేదు. చాలామందికి అది తాతల ఊరు కూడా. ప్రభుత్వమూ అటే తోస్తోంది. ఆంధ్రప్రదేశ్ 2024-29 పర్యాటక విధానం పర్యాటకాన్ని పరిశ్రమగా గుర్తించింది, 2027 పుష్కరాలు దగ్గరికొస్తున్నాయి, రాజమహేంద్రవరంలో 2025 జూన్‌లో రూ.94.44 కోట్ల అఖండ గోదావరి పనులకు శంకుస్థాపన జరిగింది. కొత్తగా వచ్చేవాళ్లకు సలహాలకూ కొదవ లేదు. ఏసీ ఉందా, వైఫై వస్తుందా, పులస ఏ నెలలో దొరుకుతుంది, పాపికొండల లాంచీ ఎక్కడ ఎక్కాలి. ఈ సలహాలన్నీ అతిథికి పనికొస్తాయి. కాపురానికి వచ్చేవాళ్లకు చెప్పవలసిన మొదటి మాట వీటిలో లేదు. లంకలో స్థలం కొన్నవాళ్లు కొన్నది భూమి ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఆ ఊరు తరతరాలుగా నడుపుకుంటున్న వరద ఏర్పాటులో వాళ్లు వాటాదారులయ్యారు. ఆ వాటా ఏమిటో తెలియకుండా ఇటుక పెట్టకూడదనీ, ఆ వాటాను ఊరి పంచాయతీ రాసి చూపించాలనీ నా వాదన.

ఏటిగట్టు లోపల ఉండే ఊరు లంక. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలి, వశిష్ఠ నుంచి వైనతేయ విడివడి సముద్రం చేరేలోగా నది మోసుకొచ్చిన ఒండ్రు మేటలు వేసిన చోటల్లా లంకలున్నాయి. గట్టు బయటున్న ఊళ్లను గట్టు కాపాడుతుంది. లోపల నదిలోనే ఉన్న లంకకు ఆ రక్షణలో భాగం లేదు. బ్యారేజీ ఉందిగా అనేవాళ్లు ఒక లెక్క చూడాలి. 1852లో కాటన్ పూర్తిచేసిన ఆనకట్ట స్థానంలో 1982కల్లా వచ్చిన ప్రస్తుత బ్యారేజీకి 175 గేట్లున్నాయి. అందులో నిలవుండేది మూడు టీఎంసీల లోపే. 2022 జులైలో అక్కడ ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ లెక్కన ఒక్క రోజుకు 200 టీఎంసీలకు పైగా నీరు. 1986 ఆగస్టులో వచ్చినది 35 లక్షల క్యూసెక్కులు. మూడు టీఎంసీల గిన్నె ఈ నీటిని ఆపదు. కాలువలకు మళ్లించడానికి కట్టిన కట్టడం అది. వరదొస్తే గేట్లన్నీ ఎత్తడం తప్ప ఇంజనీర్లు చెయ్యగలిగింది లేదు. హైదరాబాద్‌లో ఉస్మాన్ సాగర్ చేసిన పని ఇక్కడ చెయ్యడానికి ఏదీ లేదు. కోనసీమ జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్‌లో. కొత్త కలెక్టరేట్‌లో బల్లలు సర్దుకునేలోపు, మూడు నెలలకే, డజన్ల కొద్దీ లంకలు నీట మునిగాయి.

ఆపేవాడు లేడు కాబట్టి ముందే తెలుసుకుని తప్పుకోవడమే లంకల విద్య. భద్రాచలంలో 43, 48, 53 అడుగుల దగ్గర మూడు ప్రమాద హెచ్చరికలుంటాయి. ధవళేశ్వరంలో 11.75 అడుగుల వద్ద మొదటిది, 13.75 వద్ద రెండోది, 17.75 వద్ద మూడోది. క్యూసెక్కుల్లో చెప్పాలంటే పది, పదమూడు, పదిహేడు లక్షలు. భద్రాచలం దాటిన నీరు ధవళేశ్వరం చేరడానికి సుమారుగా ఒక రోజు పడుతుంది. ఆ రోజే లంకవాళ్ల చేతిలో ఉన్న గడువు. ఆ గడువులో ఏ పని ముందు, ఏది వెనక అన్నది ఎవరూ మైకులో చెప్పనక్కర్లేకుండా జరిగిపోతుంది. పశువులను గట్టెక్కిస్తారు, ఎందుకంటే వాటిని పడవలో చేర్చడం తరువాత కష్టం. నెలలు నిండిన ఆడవాళ్లను వైద్య సిబ్బంది ముందుగానే ఆస్పత్రికి చేరుస్తారు. మోటార్లు విప్పి పైకెక్కిస్తారు, ధాన్యం, బియ్యం అటకెక్కుతాయి. కరెంటు తీసేస్తారు. సెల్ టవర్ల బ్యాటరీలు అయిపోయాక ఫోన్లు మూగబోతాయి. అప్పటి నుంచి మెరక మీదున్న డాబా ఇల్లు ఎవరి పేరున ఉన్నా పదిమందికి ఆశ్రయమే. ఒకరి పడవ అందరి పడవే. మెరక మీద ఇల్లున్నవాళ్లకు ఇది దాతృత్వం అనిపించదు. వచ్చే ఏడు తమ గేదెలు ఎవరో ఒకరి సాయంతోనే గట్టు చేరాలని వాళ్లకు తెలుసు. ఇలాంటి ఏర్పాటు మధ్యలో, అందరికన్నా ఎత్తైన పునాది మీద, గేటుకు తాళం వేసి ఉన్న ఒక కొత్త కాటేజీ నిలబడిందంటే ఆ ఊరి లెక్కలో ఒక ఆశ్రయం తగ్గినట్టే. దాని ప్రహరీ గోడ నీటిని పక్కవాళ్ల పాక మీదికి మళ్లించిందంటే నష్టం అంతకన్నా ఎక్కువ.

కాబట్టి వచ్చేవాళ్లు మొదట చెయ్యవలసింది కొనకుండా ఉండడం. ఒక వరద కాలం, అంటే జూన్ నుంచి అక్టోబరు దాకా, అదే ఊళ్లో అద్దెకుండి చూడాలి. ఇది మోటు సలహాలా కనిపిస్తుంది గానీ దీని వెనక కారణముంది. నగరం నుంచి వచ్చేవాళ్లు కార్తిక మాసంలో, సంక్రాంతికి వస్తారు. అప్పుడు పాయ తేటగా ఉంటుంది, లంకలో కూరగాయల పాదులు కాపు మీదుంటాయి, పి.గన్నవరం మండలంలో బూరుగులంక, ఊడిమూడిలంక లాంటి ఊళ్లకు నది మధ్య వేసిన మట్టిగట్టు మీదుగా కారే వెళ్లిపోతుంది. బేరం కుదిరేది ఆ కాలంలోనే. ఆషాఢంలో ఎర్రనీరు రాగానే ఆ మట్టిగట్టు కొట్టుకుపోతుంది, అక్కణ్నుంచి పడవే దిక్కు. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే దాదాపు ఏటా మునుగుతుంది. బడికెళ్లే పిల్లలు, పాల క్యాన్లు, కొబ్బరి గెలలు, రోగులు అందరిదీ ఆ రోజుల్లో ఒకే దారి. ఆ దారిలో నాలుగు నెలలు నడిచాక కూడా ఇల్లు కావాలనిపిస్తే ఆ కోరికను నమ్మవచ్చు. డయాలసిస్ మీదున్నవాళ్లు, వారంవారం ఆస్పత్రికి వెళ్లవలసినవాళ్లు మాత్రం వరద నెలల్లో లంకలో ఉండకూడదు. మిగతా ముసలివాళ్లు ఆ నెలల్లో కనీసం మూడు వారాల మందులు ఇంట్లో నిలవుంచుకోవాలి. వరద వెళ్లిపోతే గండం గడిచినట్టే అనుకోవడానికీ లేదు. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 1996 నవంబరులో కోనసీమను కొట్టిన తుపాను కొబ్బరి తోటలను ఎలా నేలమట్టం చేసిందో ఆ తరంవాళ్లను అడిగితే చెబుతారు.

కాగితాల దగ్గర లంకభూమి మిగతా భూముల్లాంటిది కాదు. కొంత జిరాయితీ, కొంత ప్రభుత్వ లంక, కొంత పేదలకు పంచిన డి-పట్టా. 1977 అసైన్డ్ భూముల చట్టం ప్రకారం డి-పట్టా భూమిని కొన్నా కొన్నట్టు కాదు. 2023లో ఇరవై ఏళ్లు దాటిన పట్టాలకు సడలింపు ఇచ్చారు, తరువాతి ఏడాదే ఆ రిజిస్ట్రేషన్ల మీద నిలుపుదలలూ విచారణలూ వచ్చాయి. ఇది తేలేదాకా దూరంగా ఉండడమే మంచిది. 22-ఎ నిషేధిత జాబితా, అడంగల్, ఈసీ చూడకుండా బయానా ఇవ్వకూడదని ఎక్కడైనా చెబుతారు. లంకలో ఇంకొకటి చూడాలి, నది ఆ ఒడ్డును కోస్తోందా, మేట వేస్తోందా అని. పట్టా చేతిలో ఉండి పొలం ఏట్లో కలిసిన కుటుంబాలు గౌతమి ఒడ్డునా వశిష్ఠ ఒడ్డునా ఎన్నో ఉన్నాయి. సర్వే నంబరు కాగితం మీద అలాగే ఉంటుంది, దాని మీద పడవ తిరుగుతుంటుంది. ఎదురొడ్డున గ్రోయిన్లు వేశారా అన్నదీ అడగాలి, అవి తిప్పిన ప్రవాహం ఎవరో ఒకరి వైపు రాక మానదు. నది పరిధిలో కట్టడానికి 1884 నాటి నదీ పరిరక్షణ చట్టం కింద అనుమతి కావాలి. సముద్రపు పోటు తగిలే దిగువ లంకల్లో 2019 తీర నియంత్రణ నోటిఫికేషన్ కూడా వర్తిస్తుంది. ఇవన్నీ పేరుకేలే అనుకునేవాళ్లు కృష్ణా కరకట్ట మీద 2019లో జరిగిన కూల్చివేతనూ, పక్క అతిథి గృహాలకు అందిన నోటీసులనూ గుర్తు చేసుకుంటే చాలు. పలుకుబడి ఉన్నవాళ్లకే తప్పలేదు.

కట్టడం విషయంలో ఊళ్లో పాత ఇళ్లను చూసి నేర్చుకోవలసింది చాలా ఉంది. ఎత్తు మాత్రం పాత ఇంటిని చూసి కాకుండా 1986 నీటి మట్టాన్ని చూసి నిర్ణయించాలి. ఆ ఏడాది నీరు ఎక్కడిదాకా వచ్చిందో ప్రతి లంకలో చూపించగలవాళ్లు ఇంకా ఉన్నారు. పునాది చుట్టూ మట్టి పోసి మెరక చేసేకన్నా స్తంభాల మీద ఎత్తడం మేలు. మెరక నీటిని పక్కకు తోస్తుంది, స్తంభాలు పోనిస్తాయి. ప్రహరీ గోడ అసలు వద్దు, జీవకంచె చాలు. సెప్టిక్ ట్యాంకు నేలలో పాతితే మొదటి వరదకే అందులోది తోటలోకీ బోరులోకీ చేరుతుంది. ఒండ్రు నేలలో నీళ్లు పైనే పడతాయి కాబట్టి పక్కింటివాళ్ల చేతిపంపుకూ చేరుతుంది. ట్యాంకు మూత, బోరు కేసింగు రెండూ వరద మట్టానికి పైన ఉండాలి. స్విచ్చులు నడుము ఎత్తున పెడితే చాలదు. వరదనీటితోపాటు పాములు మెరక వెతుక్కుంటూ ఇంట్లోకి వస్తాయి, కాబట్టి విషానికి విరుగుడు మందు ఏ ఆస్పత్రిలో ఉంటుందో ముందే కనుక్కోవాలి. కేరళలో అష్టముడి సరస్సు మధ్యనున్న మన్రో తురుత్తులో హోమ్‌స్టేలకు మంచి పేరుంది, అదే దీవిలో పోటునీరు ఎక్కి కుంగుతున్న ఇళ్లూ ఉన్నాయి. ఒకే దీవి నుంచి ఒకరికి ఆదాయం వస్తుంటే ఇంకొకరు ఇల్లు వదిలి వెళ్తున్నారు. ఆ రెండూ ఒకే నీటి మీద ఆధారపడ్డాయని అక్కడికి ఫొటోలు తీసుకోను వెళ్లినవాళ్లు గమనించరు.

పడవ సంగతి విడిగా చెప్పాలి. నగరంలో లిఫ్టు ఎక్కినంత మామూలుగా లంకవాళ్లు పడవెక్కుతారు. ఆ మామూలుతనం కొత్తవాళ్లకు ధైర్యమిస్తుంది, ఇవ్వకూడదు. 2018 జులై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర బడి నుంచి ఇళ్లకెళ్తున్న పిల్లల పడవ కట్టడంలో ఉన్న వంతెన స్తంభానికి కొట్టుకుని బోల్తాపడింది, విద్యార్థినులతో సహా ఏడుగురు గల్లంతయ్యారు. వాళ్లు నదిని ఎరిగిన ఊళ్ల పిల్లలు. మరుసటి ఏడాది సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ లాంచీ మునిగి సుమారు 50 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది హైదరాబాద్, వరంగల్ నుంచి వెళ్లినవాళ్లు. లైఫ్ జాకెట్లు విప్పి పక్కన పెట్టారని బతికి బయటపడినవాళ్లు చెప్పారు. కాబట్టి ఇంట్లో మనిషికొకటి చొప్పున, అతిథులకు మరికొన్ని, జాకెట్లు కొనడం గ్యాస్ కనెక్షన్‌కన్నా ముందు జరగాలి. మొదటి ప్రమాద హెచ్చరిక దాటాక సరదా ప్రయాణం ఏదీ ఉండకూడదు. ఇక సొంత పడవ. డబ్బున్న కొత్తవాళ్లు చేసే మొదటి పని సొంత ఇంజన్ పడవ కొనుక్కోవడం. రేవు పాట పాడుకుని పడవ నడిపేవాళ్లకు బతుకుతెరువు వచ్చే ఎక్కుడు దిగుడు జనంతోనే. ఊళ్లో పదిళ్లు సొంత పడవలకు మారితే రేవు పడవ గిట్టుబాటు కాదు. అది ఆగిపోతే నష్టపోయేది బడికెళ్లే పిల్లలూ కూలివాళ్లూ. సొంత పడవ ఉన్నా సరే, రేవు పడవకు ఏడాదికింతని చెల్లించాలని నేనంటాను. వరద రాత్రి ఇంజను నడపడం తెలిసిన మనిషి ఊళ్లో మిగిలుండడానికి ఆ చెల్లింపు పనికొస్తుంది.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. లంకల్లో బతుకు గిట్టుబాటు కాకనే కుర్రాళ్లు హైదరాబాద్‌కూ గల్ఫ్‌కూ పోతున్నారు, కోనసీమ ఆడవాళ్లు కువైట్ ఇళ్లల్లో పనికి వెళ్తున్నారు, కొబ్బరి ధర ఏ ఏడు నిలబడుతుందో చెప్పలేం. ఇలాంటప్పుడు నగరం నుంచి డబ్బు తెచ్చేవాళ్లకు ఇన్ని షరతులు పెడితే వాళ్లు వేరే చోటికి పోతారు, నష్టం ఎవరికి? నిజమే, ఆ డబ్బు లంకలకు కావాలి. అయితే డబ్బు వచ్చినంత మాత్రాన ఊళ్లో ఉండిపోదు. తోట కొన్నవాళ్లు కాయల కోసం కాక నీడ కోసం కొంటే దింపు కార్మికులకూ ఒలుపు కార్మికులకూ పని పోతుంది. పశువుల మేత గడ్డి పెరిగే పల్లాన్ని పచ్చిక లాన్‌గా మార్చి కంచె వేస్తే పాడి తగ్గుతుంది. సరుకులు ఆన్‌లైన్‌లో, వంటమనిషి నగరం నుంచి, అతిథులు యాప్‌లో అయితే ఊరికి మిగిలేది చెత్త. అదే కొబ్బరి దింపు మానకుండా, పాలు, కూరలు, చేపలు ఊళ్లోనే కొని, ఊరి పడవలో అతిథులను తెప్పిస్తే నాలుగు గదుల హోమ్‌స్టే కూడా పది ఇళ్లకు ఆసరా. షరతులు చూసి వెళ్లిపోయేవాళ్లు రెండో రకం మదుపు పెట్టేవాళ్లు కారు కాబట్టి వాళ్లు వెళ్లడం పెద్ద నష్టం కాదు.

రెండో అభ్యంతరం ఆస్తి హక్కుది. నా సొమ్ముతో కొన్న స్థలంలో గోడ కట్టుకుంటానో, తాళం వేసుకుంటానో ఊరికెందుకు? ఈ వాదన గట్టు బయట చెల్లుతుంది. గట్టు లోపల ఒకరి గోడ ఇంకొకరి నీటిమట్టం కాబట్టి చెల్లదు. ప్రపంచంలో డబ్బున్న దేశాలు కూడా దీవుల విషయంలో ఈ సంగతి ఒప్పుకున్నాయి. కెనడాలో టొరంటో నగరానికి ఎదురుగా, ఒంటారియో సరస్సులో ఉన్న దీవుల్లో సుమారు 260 ఇళ్ల చిన్న కాటేజీ సమాజం ఉంది. 1993 చట్టం ప్రకారం అక్కడి భూమిని ఒక ట్రస్టు చూస్తుంది. ఇళ్లను బహిరంగ మార్కెట్లో అమ్మడానికి వీల్లేదు, ధర ఒక లెక్క ప్రకారం నిర్ణయమవుతుంది, కావలసినవాళ్లు 500 పేర్ల జాబితాలో చోటు సంపాదించి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. 2017లో సరస్సు పొంగినప్పుడు అక్కడివాళ్లు కలిసి ఇసుక బస్తాలు పేర్చుకున్నారు. లంకలకు అంత కట్టుదిట్టం అక్కర్లేదు, మన భూచట్టాల్లో అది పొసగదు కూడా. నీటి మధ్యనున్న చిన్న ఊళ్లో ఎవరు ఎలా చేరాలన్నది అందరికీ సంబంధించిన విషయమని ఒప్పుకుంటే ఇక్కడికి సరిపోతుంది.

మూడోది వినగానే వెనక్కి తగ్గవలసిన అభ్యంతరం. ఊరి కట్టుబాటు అనగానే మన పల్లెల్లో దాని చరిత్ర గుర్తుకొస్తుంది. కట్టుబాటు పేరిట వెలివేతలు జరిగాయి, జరిమానాలు పడ్డాయి, పేటలకు దారులు మూసేశారు. 2022 మే నెలలో జిల్లా పేరు మీద అమలాపురంలో జరిగిన దహనకాండ చూసినవాళ్లెవరూ కోనసీమ పల్లె పెద్దల చేతికి కొత్త అధికారం ఇవ్వడానికి తొందరపడరు. వరదలో ఎవరి డాబాకు ఎవరు ఎక్కగలిగారన్నదీ అన్ని చోట్లా ఒకేలా జరిగిన విషయం కాదు. పైన చెప్పిన పరస్పర సాయం కులం గీత దగ్గర ఆగిపోయిన ఊళ్లూ ఉంటాయి. అందుకే నేనడిగేది పెద్దల నోటిమాటను కాదు. పంచాయతీరాజ్ చట్టం ప్రకారం అందరూ కూర్చునే గ్రామసభలో, పేటవాళ్లూ మత్స్యకారులూ ఉండగా, చదివి ఆమోదించిన రెండు పేజీల కాగితం కావాలి. దానిలో నీటికి సంబంధించిన విషయాలే ఉండాలి. 1986, 2022 మట్టాలు, రేవుకూ గట్టుకూ వెళ్లే దారులు, నీరు పారే పల్లాలు, వరదలో తెరిచి ఉంచవలసిన డాబాల పేర్లు, పడవ చెల్లింపు, సెప్టిక్ ట్యాంకు ఎత్తు. తిండి, బట్ట, పెళ్లి, దేవుడు, అతిథి ఎవరు అన్నవాటి జోలికి ఆ కాగితం వెళ్లకూడదు. రాసి ఉంటే కొత్తవాళ్లకు ఎంత తెలుస్తుందో, పాతవాళ్లను నిలదీయడానికీ అంతే పనికొస్తుంది. డాబాల జాబితాలో పేరున్న మోతుబరి తలుపు తియ్యకపోతే అడిగే వీలు పేటలోని కూలికి ఆ కాగితమే ఇస్తుంది.

వంతెనలు వస్తే ఇదంతా అవసరం ఉండదని చివరి మాటగా అంటారు. వంతెనలు రావాలి. 2002లో యానాం, ఎదుర్లంకల మధ్య బాలయోగి పేరున వంతెన తెరిచాక ఆ వైపు బతుకు ఎంత మారిందో కళ్లెదుటే ఉంది. బూరుగులంక రేవు మీద వంతెన కోసం ఏళ్లుగా అడిగిన నాలుగు ఊళ్లవాళ్లకు పడవ బతుకు అందమైనదని చెప్పడం క్రూరత్వం. వంతెన వస్తే అంబులెన్స్ వస్తుంది, బడి మానడం తగ్గుతుంది. నీటిమట్టం మాత్రం అంగుళం కూడా తగ్గదు. రాకపోకలు తేలికైనకొద్దీ నగరం నుంచి వచ్చే కట్టడాలు పెరుగుతాయి కాబట్టి ఆ కాగితం వంతెన కన్నా ముందే తయారుండాలి. ప్రభుత్వం తన వంతుగా చెయ్యవలసింది పెద్ద ఖర్చు లేనిదే. లంక గ్రామంలో హోమ్‌స్టే నమోదుకు వచ్చినవాళ్ల దగ్గర గ్రామసభ కాగితం మీద సంతకం తీసుకోవాలి. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో లంక సర్వే నంబర్ల దస్తావేజుకు వరద మట్టం వివరం జతచెయ్యాలి. పుష్కరాలకు ఘాట్ల కోసం పెట్టే డబ్బులో పిసరంత తీసి ప్రతి లంకలో ఒక మట్టం స్తంభం పాతినా మేలే. ఇంత చెప్పాక కూడా వరదతో నాకేం పని, నాకు ఏరూ కొబ్బరితోటా చాలు అనేవాళ్లు ఉంటారు. వాళ్లకు కోనసీమ దిండిలో గదులు రోజువారీ అద్దెకు దొరుకుతాయి.